పేజీ నంబరు లేదు

రాత్రి పదకొండు నలభై. కిసుములో కరెంటు పోయింది.
ల్యాప్‌టాప్‌లో పద్నాలుగు శాతం ప్రాణం.
ఫోన్ లైటుని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని
అకెల్లో గుర్రపుడెక్క గురించి రాస్తోంది:
సరస్సుని ఎలా కమ్మేసిందో,
ఎన్ని హెక్టార్లో, ఏ ఏడాదో.

మూడు వారాల గడువున్నప్పుడు
లైబ్రరీ నుంచి తొమ్మిది పుస్తకాలు మోసుకొచ్చి
తలకింద పెట్టుకు పడుకుంది,
అలాగైనా తలకెక్కుతాయేమోనని.

ఇప్పుడు చిక్కల్లా ఓబురా తాతతోనే.
రేవులో వల చిక్కు తీస్తూ ఆయనన్నాడు:
"పచ్చగా ఉంటే పొలమనుకుంది మా ఆవు.
దిగింది."
అంతే. మళ్ళీ వల మీదికి వంగాడు.

రచయిత పేరు? రాసింది.
సంవత్సరం? ఆవు పోయిన ఏడు.
ప్రచురణకర్త? పేజీ నంబరు?
ఖాళీ గళ్ళు ఎర్రగా ఉరిమి చూస్తున్నాయి.

పదకొండు యాభై ఆరు. రెండు శాతం.
మూడో పట్టికని మొత్తం కోసేసి
ఆవుని
మొదటి వాక్యంలోకి తోలింది.
'పంపు' నొక్కింది.

తెర ఆరిపోయింది.
వెళ్ళిందో లేదో.
ఫోన్ తొడుగు మీది పంటిగాట్లని
బొటనవేలితో తడుముతూ కాసేపు కూర్చుంది.

అయ్యో,
దాని రంగేమిటో అడగనేలేదు.