పెనాల్టీ చుక్క

మా చీమకుర్తిలో ఆటంటే క్రికెట్టే.
ఫుట్‌బాల్ మాత్రం లారీ ఎక్కి వచ్చింది,
క్వారీలో వైర్‌సా నడిపే నిమాయన్న సంచిలో
గాలి తీసి, లుంగీలో చుట్టి.

బెంగాల్లో యాడో ఏటి ఒడ్డు పల్లెటూరంట.
రామతీర్థం దుమ్ములో మమ్మల్ని నిలబెట్టి
"బొల్ చూడొద్దు, నడుం చూడు" అనేవాడు.
అన్నకి వచ్చిన తెలుగు అంతే.
ఆ నాలుగు మాటలూ మాకు ఆరేళ్లు సరిపోయినాయి.

చిల్లచెట్లు నరికిన చవుడునేల మా గ్రౌండు.
ఒక పక్క గోలుకి వంగిపోయిన డ్రిల్లింగు రాడ్లు,
ఇంకో పక్క మాల్యాద్రి చెప్పులు.
వాడికి కాళ్లకంటే గోలుకే వాటి అవసరం ఎక్కువ.
పెనాల్టీ చుక్క ముగ్గుపిండితో పెట్టేవాళ్లం,
మాల్యాద్రి వాళ్లమ్మ డబ్బా నుంచి కొట్టుకొచ్చి.

సాయంత్రం బ్లాస్టింగ్ సైరన్ మోగితే హాఫ్‌టైమ్.
అందరం బోర్లా పడుకుని చెవులు మూసుకునేవాళ్లం.
నేల ఒకసారి పొట్టలోకి వచ్చి పోయేది.
లేచేసరికి అందరి మొహాలూ ఒకటే రంగు,
ఎవడు ఏ జట్టో
కాసేపు ఎవరికీ తెలిసేది కాదు.

నేను గోల్‌కీపర్ని.
పెద్ద కారణమేం లేదు,
పరిగెత్తితే రొమ్ములో ఈల వేసేది.
దుమ్ము పడదన్నాడు ఒంగోలు డాక్టరు.
దుమ్ము లేని చోటు మా ఊళ్లో యాడుందో
చీటీలో రాయలేదు.

నాన్న పాత బనీను వీపున
తారుతో ఒకటి అంకె వేసుకున్నా.
అమ్మ ఉతికినప్పుడల్లా అది కాస్త బూడిదయ్యేది,
నేను మళ్లీ దిద్దేవాణ్ణి.
రాత్రి రేకుల కింద పడుకుంటే
లక్షమంది లేచి నిలబడేవాళ్లు.
మైకులో కామెంటరీ బెంగాలీలో వచ్చేది.
ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు,
మధ్యమధ్యలో
"పాలేటి ఏసుపాదం, పాలేటి ఏసుపాదం" తప్ప.

తొమ్మిది పరీక్షలైన ఎండల్లో
ఇద్దరు మనుషులొచ్చి
సరిగ్గా పెనాల్టీ చుక్క మీదే బోరు దించారు.
చెయ్యంత పొడుగు రాతికడ్డీ బయటికొచ్చింది.
నీళ్లు పోసి తుడిచారు.
నల్లగా, లోపలంతా బంగారు చుక్కలు.
వాళ్లు నవ్వారు.
ఏందో తెలియక మాల్యాద్రి కూడా నవ్వాడు.

మా గ్రౌండుని కోసింది నిమాయన్నే.
జీతానికొచ్చినోడు, ఇంకేం చేస్తాడు!
ఆ రోజు మా వైపు చూడలేదు.
మేమూ మొహం చూడలేదు,
నడుం చూశాం.
కొంచెం వంగి ఉంది.

బంతి ఏమైందని అడుగుతారు.
తెలియదు.
గుంటలో పచ్చనీళ్లు నిండాక
తేలతా కనపడిందని మాల్యాద్రి ఒట్టేశాడు.
వాడి ఒట్లు నమ్మదగ్గవి కావు.

ఇప్పుడు నేను పాలిషింగు ఫ్యాక్టరీలో.
మొహానికి గుడ్డ కట్టుకుని,
ఈల ఇంకా లోపలే ఉంది.
చక్రం తిరిగి తిరిగి
తడి రాయి మీద చుక్కలు తేలతాయి,
ఒకటి, పది, ఆపైన లెక్క ఉండదు,
రాత్రి మ్యాచ్‌కి దీపాలు వేస్తున్నట్టు.
ఏ పలక మా గోలు ముందుదో
ఏ దేశంలో ఎవరు దాని మీద కాళ్లు కడుగుతున్నారో!

క్రేను రాతిపలకను ఊపుకుంటా దించేటప్పుడు
నాకు తెలియకుండానే మోకాళ్లు వంగుతాయి,
చేతులు రెండు పక్కలకీ తెరుచుకుంటాయి.
"ఏందయ్యా ఏసుపాదం, పట్టుకుంటావా ఏంది?"
సూపర్‌వైజరు కేకేస్తాడు.
"నడుం చూస్తన్నా సార్" అంటా.
ఆయన క్రేనుకేసి చూస్తాడు,
దాని నడుం యాడుందా అని.