తడి దూది మీద

సంఘం వాళ్ళు చిలప వెనక్కి పంపారు.
"సుక్కలున్నాయి అమ్మా, తీసుకోరు."
తెల్లటి నూలులో ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు.
నలభై ఏళ్ళ వడుకులో నా నూలు తిరిగి రావడం
ఇది రెండోసారి.
మొదటిసారి తిత్లీ గాలికి ఇల్లు కారినప్పుడు.

దోషి గంపలో పడుకుని ఉంది.
దూదిలో పుట్టింది కనక దాని పేరు ఏకు.
తోక మొదట్లో వెంట్రుకలూడి చర్మం గులాబీ తేలింది.
నిద్రలో కూడా వెనక కాలు
నేల మీద టకటక కొడుతోంది,
ఎవరో తలుపు తడుతున్నట్టు.

గున్నమ్మ కిరసనాయిలు రాయమంది.
నీలమ్మ కలరా ఉండలు పొడి చేసి జల్లమంది.
"గోనెలో కట్టి గెడ్డ అవతల ఇడిసేయే" అంది మా తోటికోడలు,
అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా.
కొట్టు సింవాద్రి
కుక్కల మందు సగం ధరకి ఇచ్చాడు.
కొనేశాను కూడా.

పొందూరు పశువులాసుపత్రిలో
కాంపౌండరు తవిటినాయుడు
సీసా మీద కుక్క బొమ్మ చూసి నా చేతిలోంచి లాక్కున్నాడు.
"ఇది పిల్లి మీద పోస్తే వొణికి వొణికి సచ్చిపోద్ది.
నిరుడు ఒకటి
ఈ బల్ల మీదే పోయింది."
ఆ బల్ల మీదే ఏకు కూచుని
నన్ను నమ్మి చూస్తోంది.

పిడుదులా అన్నాను.
"పిడుదు కరుచుకుని ఉండిపోద్ది. ఇవి గెంతుతాయి."
దాని వీపు దువ్వి, రాలిన నలుసుల్ని
తడి దూది మీద దులిపాడు.
ఒక్కో నల్ల నలుసు చుట్టూ ఎర్రగా విచ్చుకుంది.
మట్టి కాదు. ఏకు నెత్తురే,
తాగి, అరిగించుకుని, వదిలింది.
నా చిలప మీద మచ్చ ఏమిటో
అప్పుడు తెలిసింది.

ఒంటి మీద కనపడేవి కొన్నేనట.
మిగతావి నేల పగుళ్ళలో, చాప కింద, గంప అల్లికలో
గుడ్లుగా, పురుగులుగా ఉంటాయట.
ఆ పురుగు దారం తీసి
తన చుట్టూ తానే గూడు అల్లుకుని,
అడుగుల చప్పుడు వినేదాకా
నెలలకి నెలలు కాచుకుని ఉంటుందట.
వడుకుతుందా అని అడిగాను.
"వడుకుద్దమ్మా, నీలాగే" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
నా ఇంట్లో, నా రాట్నం కింద,
కూలి లేకుండా, సంఘం లేకుండా
ఇంకెవరో వడుకుతున్నారు.

కూరగాయల తక్కెడలో ఏకుని తూచాడు, మూడు కిలోలు.
పిల్లుల మందు
మెడ వెనక, నాలుక అందని చోట,
వెంట్రుకలు పాయ తీసి, చర్మం మీద పెట్టాడు.
నెలకోసారి. మూడు నెలలు మానకూడదు.
"తగ్గిందని ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తాది."

ఇంటికొచ్చి చాపలు, గంప గుడ్డలు మరిగే నీళ్ళలో వేశాను.
గంప తగలబెట్టాను. బాధేసింది, పాతది.
నేల పగుళ్ళు చీపురు పుల్లతో గీకి,
ఊడ్చిందంతా వీధి చివర పొయ్యిలో పోశాను.
రోజూ ఊడుస్తూనే ఉన్నాను.
ఏకులా వచ్చి మేకై కూచునేవి
ఒక్క పూటలో పోతాయా.

సాయంత్రాలు దువ్వుతాను.
దువ్వెన కొనమన్నాడు, కొనలేదు.
దూది దువ్వడానికి పనికిరాక పక్కన పడేసిన
వాలుగ చేప దవడ ఒకటుంది ఇంట్లో,
పళ్ళు సన్నం, అరిగినా నునుపు.
సబ్బునీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని
దూది పింజ దువ్వినట్టే, వెన్ను నుంచి తోక దాకా.
మొదటి రోజు పదిహేడు. గెంతబోయి నీళ్ళలో పడ్డాయి.
వారానికి ఆరు.
తర్వాత ఒక రోజు ఏమీ లేదు, మర్నాడు మళ్ళీ రెండు.
గూళ్ళు విప్పుకుంటున్నాయన్నమాట,
నా అడుగుల చప్పుడికే.

మూడో నెల మందు పెట్టిన రాత్రి
తడి దూది తెల్లగానే ఉండిపోయింది.
వెనక కాలు నేలని తట్టడం మానేసింది. ఆ నిశ్శబ్దంలో
నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

కొత్త చిలప సంఘానికి వెళ్ళింది.
డబ్బు ఇంకా రాలేదు.
ఏకు మాత్రం దువ్వుతుంటే
దవడని వాసన చూసి చూసి
కొరుకుతోంది.
అందులో ఇంకా చేప ఉందనే
దాని నమ్మకం.