మూడో కూత

ఒక్క పాయింటు.
మాది ఇరవై ఎనిమిది, వాళ్లది ఇరవై తొమ్మిది.
కంచరపాలెం మెట్టు దగ్గర భూలోకమ్మ టీ బడ్డీలో
మ్యాచ్ మళ్లీ మొదలైంది.

బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి
సన్యాసిరావు మధ్య గీత గీశాడు.
ఇటు మా గ్లాసులు ఏడు, అటు ఏడు బిస్కెట్లు.
"ఇదిగో నూకరాజు. నలభై సెకండ్లుంది.
ఒకటి ముందున్నాం.
ఊరికే అలగెళ్లి గీత తొక్కి వచ్చీమనాలి కదేటి?
పైడయ్య మాస్టారికి ఆ మాత్రం తెలీదేటి?"

"తెలీకేం, బోనస్ ఆశ" అన్నాడు పోలారావు,
హార్బరులో ఐసు మోసి మోసి ఎర్రబడ్డ చేతుల్ని
గ్లాసు చుట్టూ కాచుకుంటూ.
"ఉన్నది దాచుకోలేని మనిషి."

"మూడో కూత కదా అది"
మూల నుంచి ఎవరో ఫైనలియర్ కుర్రాడు.
"రెండు ఖాళీగా వచ్చీసాం.
ఊరికే తిరిగొస్తే అవుటే."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
కోపానికి లెక్క చూపిస్తే నచ్చదు.
"అయితే మొదటి కూతే తప్పు"
సన్యాసిరావు గ్లాసుని మళ్లీ వెనక్కి జరిపాడు.

దాలినాయుణ్ణి పంపితే?
దాలినాయుడు బెంచీ వెనక వాంతి చేసుకున్నాడు, చూళ్లేదా.
నూకరాజు మోకాలికి కట్టుంది, చూళ్లేదా.
మరి టైమౌటు?
ఒకటి మిగిలిపోయింది కదా, ఏం చేసుకుంటాడు దాన్ని?
"రేపు రైతుబజారులో వంకాయలు కొంటాడు."
నవ్వాం.
నవ్వినందుకు ఒకరి మీద ఒకరికి కోపమొచ్చింది.

అప్పుడు గూడ్సొచ్చింది, పోర్టు వైపు నుంచి,
నల్లటి బొగ్గు పెట్టెలతో,
ఊపిరి తిప్పుకోకుండా ఒకటే కూత.
దాన్ని పట్టేవాడు లేడు.
గాల్లో లేచిన చేతులు గాల్లోనే ఆగి
ఆఖరి పెట్టె దాటగానే
ఆపిన మాట మధ్యనుంచే ఎత్తుకున్నాయి.

"మా ఆయనా మీలాగే" అంది భూలోకమ్మ, పాలు పొంగకుండా ఊదుతూ.
"ఆట అయిపోయాకే బాగా ఆడతాడు."

నూకరాజు గ్లాసు తీసేశారు.
ఆరు మిగిలాయి. స్కోరు సమానం.
ఒక బిస్కెట్టు గీత దాటి వచ్చింది.
విజయనగరం కుర్రాడు, పొడుగు చేతులవాడు,
వాడికీ తొందరేం లేదు, సమానమైతే చాలన్నట్టు
గీత తొక్కి వెనక్కి తిరిగాడు కూడా.

"ఎర్రినాయుడు ఎందుకు కాలు పట్టినట్టు?
వదిలేస్తే ఎక్స్‌ట్రా టైము."
"మాస్టారు చెప్పుండడు."
"ఆయనెప్పుడు చెప్పాడులే."

చెప్పాడు.
నేను తాడు పక్కనే కూర్చున్నాను.
రెండు అరచేతులూ నేలకేసి అదుముతూ,
చంటిపిల్లని జోకొడుతున్నట్టు,
వదిలీ, వదిలీ, అంటున్న పెదాలు చూశాను.
ఎర్రినాయుడు తలతిప్పి చూసింది అటు కాదు,
ఇటు.
గ్యాలరీ మొత్తం ఒకటే మాట
పట్టు పట్టు పట్టు
అందులో అందరికంటే ముందున్న గొంతు
ఎవరిదో నాకు తెలుసు.

చీలమండ దొరికింది వాడికి.
ఆ పొడుగు చేతులవాడు వాణ్ణి కూడా ఈడ్చుకుంటూ
ఇసకలో పాకి పాకి
రెండు వేళ్లు గీత మీద పెట్టాడు.

"నువ్వేటంటావు?" పోలారావు నా వైపు తిరిగాడు.
"ముందు వరసలో కూర్చున్నావు కదా."
గొంతు చూపించాను. పోయింది.
"అరిచాడు పాపం" అన్నాడు సన్యాసిరావు.
భూలోకమ్మ వేణ్నీళ్లలో ఉప్పు కలిపి నా ముందు పెట్టింది.

మాస్టార్ని మార్చాలనే దగ్గర
ఎనిమిదిన్నరకి అందరూ ఒకటయ్యారు.
బిస్కెట్లు తలా ఒకటి తీసుకున్నారు.
టీ గీత ఆరిపోయి జిగురుగా మిగిలింది,
ఈగ ఒకటి దాని మీదే అటూ ఇటూ.

ఎడమ మూల గ్లాసు ఎర్రినాయుడు.
అది నా టీ.
చల్లారిపోయింది.
తాగాను.