ఎడమ బొటనవేలు

ఆదివారం ఐదున్నరకి
బార్లీ కంకులు కూడా ఇంకా కదలడం మొదలెట్టవు.
ఆ గంటసేపే మాకు దొరికే మంచి గాలి,
అంటే గాలి లేకపోవడం.
హానా మైదానం మీద పొగమంచు మోకాలెత్తు.
ఖ్రాస్తినా గారు మడతకుర్చీ విప్పి
ఫ్లాస్కు మూతలో టీ వంచుకుని
"ఇవాళ ఒక్కటే మార్చాలి, ద్రాహొమీరా" అంటారు.
వారం వారం అదే మాట.
రెండు మార్చామంటే
ఏది మందో ఏది రోగమో తేలదట.

రెక్కలు రెండు మీటర్లు, పసుపు మీద నీలం గళ్ళు.
నా ఒక నెల జీతం, ఇంకో నెల ఓవర్‌టైమూ అది.
ఏప్రిల్‌లో కొత్తగా ఎగిరినప్పుడు
దానికి ప్రతిదాని మీదా ఓ అభిప్రాయం ఉండేది.
నిట్టనిలువునా పైకి పంపితే ఎడమకి జరిగేది.
మోటారు తగ్గించి తిన్నగా కిందికి వదిలితే
ముక్కు ఎత్తి వీపు వైపు వంగేది.
పక్కకి, కత్తి అంచు మీద నిలబెట్టినట్టు నిలబెడితే
చలికి పిల్లి ముడుచుకున్నట్టు
పొట్టలోకి ముడుచుకునేది.

"దీనికి ఏ కోరికా ఉండకూడదు" అన్నారాయన.
"పెట్టినచోట ఉండాలి.
తలకిందులుగా పెడితే
తలకిందులుగా ఉన్నానన్న సంగతే దానికి తట్టకూడదు."

నోటుపుస్తకంలో ఉంది అంతా, పెన్సిలుతో:
మే మూడు. బ్యాటరీ ఎనిమిది మిల్లీమీటర్లు వెనక్కి.
దిగడం మెరుగు.
మే పది. ఇంకో నాలుగు. చాలు.
మే పదిహేడు. ఈదురుగాలి. ఎగరలేదు. సాసేజీలు కాల్చుకున్నాం.
మే ఇరవై నాలుగు. మోటారు వెనక, ఎడమ పక్క, పలచటి వాషరు.
జూన్ ఏడు. ఎడమ రెక్క కొసన
రెండు కొరూనాల బిళ్ళ, టేపు వేసి.

రిమోట్‌లో మిక్సింగ్ ఉందిగా,
ఒక్క మీటతో ఈ వంకలన్నీ పోతాయిగా అంటే
ఆయన నవ్వలేదు.
ప్రోస్త్యెయోవ్ బట్టల మిల్లులో
నలభై ఏళ్ళు కోటు గుడ్డ కత్తిరించిన మనిషి.
"పోవు. లైనింగు కింద దాక్కుంటాయి.
ముందు కత్తెర, తర్వాతే ఇస్త్రీ."

జూన్ ఇరవై ఒకటికి అన్నీ కుదిరాయి.
తలకిందులుగా మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి
గీత గీసినట్టు పోయింది.
కానీ పైకి లేపినప్పుడు మాత్రం, మళ్ళీ,
వెంట్రుకవాసి ఎడమకి.

ఇంకో వాషరు వేద్దామన్నాను.
ఆయన రిమోట్ అందుకున్నారు. లేపారు.
మల్లు నేసిన పడుగు దారంలా, నిలువుగా, ఆకాశంలోకి.
నా చేతికిచ్చారు. ఎడమకి.
ఆయన. నిలువు.
నేను. ఎడమకి.
మూడోసారి ఆయన విమానాన్ని చూడలేదు,
నా చేతుల్ని చూశారు.

ఎడమ బొటనవేలు
మోటారు వేగం పెంచుతూ పెంచుతూ
చుక్కానిని కూడా తనతోపాటు
చిటికెడంత ఎడమకి తోసుకుపోతోంది.

నేను నడిపేది తొమ్మిదో నంబరు బస్సు.
అది కుడికి లాగుతుంది, లిండెన్ చెట్ల వైపు, కాలవ వైపు.
వర్క్‌షాపులో రెండుసార్లు చెప్పాను.
ఏమీ లేదన్నారు, రెండుసార్లూ.
తర్వాత నేను మర్చిపోయాను.
చెయ్యి మర్చిపోలేదు.

"ఇన్నేళ్ళలో రెండు భుజాలూ సమానంగా ఉన్న గిరాకీ
ఒక్కడూ రాలేదు నాకు" అన్నారు ఖ్రాస్తినా గారు
టీ మూత విదిలిస్తూ.
"అది తప్పు కాదమ్మా, కొలత. రాసుకో."

రాసుకున్నాను:
విమానం, ఏమీ మార్చలేదు.
దాని కింద ఇంకేదో రాయబోయి
పెన్సిలు ముల్లు విరిగింది.

సోమవారం ఆరూ పదికి
ఊరు దాటాక వచ్చే తిన్నని రోడ్డు మీద
వెనకసీట్లో బేకరీ అమ్మాయి ఒక్కతే, నిద్రలో.
ఎడమచేతి పట్టు
ఒక్క వేలంత వదిలాను.
బస్సు నెమ్మదిగా, మర్యాదగా,
తనకి ఇష్టమైన చెట్ల వైపు బయల్దేరింది.
ఒకటి. రెండు.
వెనక్కి లాక్కొచ్చాను,
ఎంత బరువు లాగుతున్నానో
పదకొండేళ్ళలో మొదటిసారి
తూచుకుంటూ.