తరుగు

గుల్జార్ హౌజ్ సందుల
మూడు మెట్లు దిగితే మా నాయిన కొట్టు.
అవుసుల విరూపాక్షం, కొలిమి, పటకారు, గురిగింజల డబ్బ.
తలుపుకాడ నేను, లెక్కల బుక్కు ముంగటేసుకొని.

ఆ పొద్దు వాన.
తడిసిన బురఖా అంచు పిండుకుంట ఒకామె దిగొచ్చింది.
రుమాలు ముడి విప్పి
"మా నానీ సందూక్‌లది. ఎంతొస్తది?" అన్నది.

వంకర బిళ్ళ, ఎవరో కొరికి వదిలేసిన రొట్టె లెక్క.
ఒక దిక్కు సిలువ.
ఇంకో దిక్కు రెండు కంబాలు, కింద అలలు.
నాయిన గీటురాయి మీద రాసి
"అస్సల్ వెండి" అన్నడు.
యాడిదని అడగలే.
వెండికి ఊరుండదని ఆయన నమ్మకం.

నాకెరుకే దాని ఊరు.
కాలేజీ పుస్తకంల ఒక కొండ బొమ్మ చూసిన.
పొటోసి.
ఊపిరందనంత ఎత్తున, మనుషుల్ని మింగే కొండ.
ఊరికింతమందని వంతులేసి తోలుకొచ్చేటోళ్లట.
సోమవారం దిగితే శనివారం ఎల్తురు.
దవడల ఆకు, బొటనేలికి కట్టిన మైనంబత్తి, వీపు మీద రాయి.
వాళ్లు దాన్ని మిత అన్నరు.
మా తాత వెట్టి అన్నడు.

రాజుకు ఐదోవంతు,
మిగిలింది అప్పులోళ్లకు, ఓడలోళ్లకు,
చేతులు మారి మారి బందరు రేవుల దిగి
ఎడ్లబండి మీద గోలకొండకొచ్చి
ఒక వజ్రాన్ని కొనుక్కున్నదేమో ఈ బిళ్ళ.
కొల్లూరు గుంతల
ఆడోళ్లు, పిల్లలు తట్టలెత్తిన వజ్రాన్ని.
ఆ గుంత ఈ గుంతను కొన్నది.
దిగినోళ్లకు ఒకరి మొకం ఒకరికి తెల్వది.

"అమ్మా, మ్యూజియంల చూపిస్తే ఎక్కువిస్తరేమో" అన్న.
"మ్యూజియం ఇయ్యాల్నే ఇస్తదా బేటీ?
మనవడు ఉస్మానియాల ఉన్నడు.
సూదిమందు నాలుగింటికి."

"బొగ్గులెగదొయ్యి బిడ్డా" అన్నడు నాయిన.

మూసల సిలువ ముందుగాల మెత్తవడ్డది.
తర్వాత కంబాలు.
అలలు కొంచెంసేపు అలలలెక్కనే కదిలినయి.

ఆమె పైసలు లెక్కవెట్టుకోకుండనే మెట్లెక్కింది.

నాయిన టిఫిన్ డబ్బ తెరిచి
పచ్చిమిరపకాయ కసుక్కున కొరికి
"ఇది మన నేల కారమంటే" అన్నడు, కండ్లు తుడుచుకుంట.
నేనేమనలే.
అది గూడ అటు దిక్కు ఓడల దిగిందే.
డబ్బల టమాట తొక్కు గూడ.

బుక్కు తీసిన.
బిళ్ళ: రెండు తులాల మూడు మాసాలు.
ముద్ద: రెండు తులాల రెండు మాసాలు.
తరుగు...
యాడికెంచి లెక్కవెట్టాలె నాయినా
అని అడుగుదామనుకున్న.
ఆయన చేతులు కడుక్కుంటున్నడు.

ఒక మాసం
అని రాసిన.
పెన్ను పారలే. రెండుసార్లు దిద్దిన.