ఆరే భాగాలు

ఈసారి పది కాదు, ఆరే అన్నారు.
ఓడలరేవు ఇవతల, మూడో చెరువు గట్టు మీద
ఏసుపాదం ఆ వార్త చదివి
ఫోను నా చేతిలో పెట్టి
ఏరియేటర్లు వేయడానికి వెళ్లాడు.
తిరిగొచ్చేసరికి నేనింకా మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను.

ఏడేళ్ల కథ.
నీడ పోగొట్టుకున్న రాణి, ఆమె ఉప్పు కోట,
చేప ముళ్లతో పడవ కట్టే ముసలాడు,
సముద్రం అడుగున నిద్రపోతున్న కంచు గంట.
అది మోగిన రోజు అందరి లెక్కా తేలుతుందని
మొదటి భాగంలోనే చెప్పారు.

మొదటి ఏడు డబ్బింగు లేదు.
అమలాపురంలో మొబైల్ షాపువాడు కార్డులో ఎక్కించిస్తే
ఏసుపాదమే మాకు తెలుగు.
"ఇప్పుడీవిడ ఏటంటందంటే" అని మొదలెట్టి
తనకు తోచింది చెప్పేవాడు.
అసలు తెలుగు వచ్చాక తెలిసింది,
రాణి మాటల్లో సగం వీడివేనని.
నాకు ఇప్పటికీ ఆ సగమే గుర్తు.

రొయ్యల చెరువు కాపలా అంటే ఏముంది?
ఒంటిగంటకు ఆక్సిజన్ చూడాలి,
మూడింటికి చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందేమో తడమాలి,
కరెంటు పోతే చెప్పుల్లేకుండా జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి.
నడుమ మిగిలిన చీకటిలో కోట లేచేది.
దూరంగా గ్యాసు టెర్మినల్ మంట ఎగిసినప్పుడల్లా
చెరువు ఒక్క క్షణం రాగిచెంబయ్యేది.
"బూడిద పిట్ట ఇటే వచ్చేత్తంది, మేత కట్టలు దాచెయ్" అనేవాడు.
నవ్వుతూనే ఓసారి అటు చూసేవాణ్ణి.

ఆరు భాగాలు మొదలయ్యాయి.
ఒకప్పుడు బురద మేట దాటడానికి ఏడాది పట్టినవాళ్లు
ఇప్పుడు తలుపు తీసి అవతల తేలారు.
ముసలాడి పడవ మేం చూడకుండానే పూర్తయింది.
తమ్ముణ్ణి చంపినవాణ్ణి రాణి
అన్నం తింటున్నంతసేపట్లో క్షమించేసింది.
"దీనికి ఎక్కడికో పోవాలిరా, తొందర్లో ఉంది" అన్నాడు ఏసుపాదం.

నాలుగో భాగం వచ్చిన వారం
రొయ్య గట్టు వారకు చేరింది.
వచ్చి తల పైకెత్తి ఊరికే అలా ఉండిపోయింది.
ఒకదాన్ని తీసి టార్చి కింద పెంకు ఒలిచాను.
తెల్ల మచ్చలు,
వానకు ముందు సున్నం చల్లినట్టు.

యాభై ఎనిమిదో రోజు పట్టేశారు.
నాలుగు నెలల పంట.
ఐసు లారీ తెల్లవారకముందే వచ్చింది,
ఆడవాళ్లు ట్రేల ముందు కూర్చుని మాట్లాడకుండా ఏరారు,
కౌంట్ నూట ముప్ఫై, రేటు చెప్పడానికి సిగ్గుపడే రేటు.
"సీరియల్లాగే అయింది మనకీ" అన్నాను.
ఏసుపాదం నా మీద కేకలేశాడు.
"ఆళ్ల డబ్బులు ఆళ్లకి ముందే వచ్చేసినియ్యిరా.
మనకి రెండు నెల్ల జీతం పోయింది."
నిజమే. ఆ పోలిక నాదే, నష్టం ఇద్దరిదీ.

చెరువు ఎండగట్టారు. బ్లీచింగు వాసన.
వాడు అంతర్వేది వైపు ఇటుక బట్టీలో చేరాడు.
ఆరో భాగం వచ్చిన రాత్రి
రేవులో పంటు మీద సైకిలెక్కించుకుని వచ్చాడు,
గోళ్లలో ఎర్రమట్టి,
పొట్లంలో రెండు పుణుగులు, ఒకటి దారిలో తినేశాడట.

పగుళ్లిచ్చిన చెరువు నడుమ కూర్చున్నాం.
చుట్టూ ఏ చప్పుడూ లేదు.
ఏరియేటర్ల హోరు లేకుండా రాణి గొంతు వినడం అదే మొదలు.
అంత సన్నగా ఉంటుందని తెలియదు.
నీడ దొరికింది. ఎక్కడ దొరికిందో చూపించలేదు.
కోట మీద ఎవరో జెండా మార్చారు.
పేర్లు పైకి పోతున్నాయి.
గంట ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఏసుపాదం చాలాసేపు ఆ పేర్లే చూశాడు,
ఎవరో తెలిసినవాళ్లు ఉన్నట్టు.
తర్వాత ధ్వని తీసేసి వెనక్కి జరిపాడు,
రాణి మళ్లీ మెట్లెక్కుతోంది.
"ఇప్పుడీవిడ ఏటంటందంటే..."

"గంట మోగాలి కదా?" అన్నాను.

చేతిలో మట్టిపెళ్ల నలుపుతూ
"ఉండ్రా," అన్నాడు,
"ముందు నీళ్లు పెట్టనియ్."