ఇతర ఖర్చులు

జట్టుగా వస్తేనే డబ్బిస్తామన్నారు.
ఒంటరి డాక్టరుకు పైసా రాదని
దరఖాస్తు మొదటి పేజీలోనే నల్లగా అచ్చేశారు.

కర్నూలు పెద్దాసుపత్రి వెనక
అకౌంట్స్ సెక్షన్లో రెండో బల్ల నాది.
ఊపిరితిత్తుల గురించి నాకు తెలిసిందల్లా
వాటికి ఏ పద్దు కింద డబ్బులొస్తాయన్నదే.

ముగ్గురొచ్చారు నా ముందుకు.
ఛాతీ వార్డు డాక్టరు సబీహా,
దుమ్ము తూచే మిషనున్న ఇంజనీరు ఓబుళేసు,
అనంతపురం నుంచి లెక్కల మనిషి కిన్నెర.
మూడు సంస్థలు, మూడు సీళ్లు,
ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర
రెండు వారాలు కూలబడ్డ ఒకే ఫైలు.

ప్రశ్న మాత్రం చిన్నదే:
బేతంచెర్లలో బండలు కోసేవాళ్ల దగ్గు
క్షయదా, రాయిదా?

ఏళ్లుగా ఆ దగ్గుకు క్షయ మందే ఇచ్చారు.
మందు అయిపోయేది, దగ్గు అయిపోయేది కాదు.
డాక్టరమ్మకు ఎక్స్‌రేలో మచ్చ కనపడుతుంది గానీ
అది ఏ షెడ్డులో పడ్డదో కనపడదు.
ఓబుళేసు మిషను ఇవాళ్టి దుమ్మును తూస్తుంది,
పదేళ్ల కిందటి దుమ్ము దానికి అందదు.
కిన్నెర అడిగేది ఒక్కటే:
ఎవరు, ఎక్కడ, ఎన్నేళ్లు?

ఎన్నేళ్లంటే ఎవరు చెప్తారు?
మస్టరు లేదు, పీఎఫ్ లేదు.
ఓనర్ని అడిగితే
"మా కాడ ఎవురూ ఏడాది నిలబడరు సార్" అన్నాడు.
మద్దిలేటిని అడిగితే వేళ్లు మడిచి
"మా పెద్దోడు పుట్టినప్పుడు ఈడే ఉండా,
వాడిప్పుడు ఇంటరు" అని
మిగతాది దగ్గాడు.

మార్చి ఇరవై ఎనిమిదిన వచ్చింది డబ్బు.
ముప్పై ఒకటి లోపల ఖర్చు పెట్టాలట.
కేసీ కాలవ నీళ్ల మాదిరి,
రావాల్సినప్పుడు రాదు, వస్తే గట్టు ఆగదు.

రెండో రోజు షెడ్ల మధ్య టీ కొట్టు దగ్గర
ముగ్గురూ మళ్లీ పేర్ల గురించే వాదించుకుంటుంటే
దస్తగిరమ్మ గ్లాసులు కడుగుతూ అందంట:
"ఎవురెన్నాళ్లు చేసినారో నన్నడగండప్పా.
పద్నాలుగేండ్ల అప్పు నా కాడ ఉంది."

రేకు పెట్టెలోంచి పదకొండు పుస్తకాలు తీసింది.
కోత మిషను మద్దిలేటి, టీ రెండు.
పాలిషు ఖాసీం, టీ, బన్ను.
మూడో షెడ్డు సుంకన్న, టీ, బాకీ.
పనికి రాని రోజు ఖాళీ గడి.
షెడ్డు మారితే షెడ్డు నంబరూ మారింది.
కొన్ని పేర్ల మీద అడ్డగీత.
అప్పు తీరిందా అని కిన్నెర అడిగితే
"మనిషే తీరిపోయె" అంది.

ఆ తర్వాత
ఎవరి పేరు ముందన్న వాదన రాలేదు.
వచ్చింది, మే నెలలో.
కానీ గొంతులు తగ్గించుకుని.

నా చిక్కు వేరే.
ఆమె రాత ఆమె తప్ప ఎవరూ చదవలేరు.
చదివి చెప్పినందుకు రోజుకు ఎంత?
బడ్జెట్లో పరిశోధకులున్నారు, సహాయకులున్నారు,
టీ కొట్టు మనిషి లేదు.
ఫారం అడుగున ఒక్క గీత ఖాళీ: ఇతర ఖర్చులు.
అక్కడ రాశాను,
దస్తగిరమ్మ, నలభై రోజులు,
కొట్టు మూసిన నష్టంతో కలిపి.

ఆడిట్ వాళ్లు ఎర్రసిరాతో అడిగారు:
ఈమె ఎవరు? జట్టులో ఈమె పాత్ర ఏమి?
అర్హత పత్రాలు జతపరచలేదు.

జవాబు ఇంకా పంపలేదు.
పోయిన మంగళవారం మద్దిలేటి వార్డులో చేరాడు,
ఇరవై రెండో మంచం.
చూడబోతే నా చెయ్యి పట్టుకుని
"ఆయమ్మ పుస్తకంలో నా బాకీ ఎంతుందో
రోంత చూసి చెప్పు సారూ" అన్నాడు.

బేతంచెర్ల పోయి చూశాను.
నూట అరవై ఆరు రూపాయలు.
నా జేబులోంచి తీసిచ్చి,
అలవాటు కొద్దీ రసీదు అడిగాను.
ఆమె పెన్ను పేరు మీదికి తెచ్చి,
ఆగి,
పక్కన చిన్న టిక్కు పెట్టింది.